గోతిలో దిగేవారికి చెప్పవలసిన మాట

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ముదినేపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను అనేది ఎవరి దయమీదో ఆధారపడిన బహుమానం కాదని ఆ తీర్పు తేల్చింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి నాకిచ్చిన సమయాన్ని వేరే సంగతికి వాడుకుంటానని కార్యదర్శిగారిని అడిగాను. ఏ సంగతి అన్నారు. గోతులు తవ్వడం గురించి అన్నాను. ఆయన నా ముఖంకేసి ఒకసారి చూసి, "మనకెందుకండీ ఆ గొడవ?" అన్నారు. ఆయన అడిగిన దానికే ఇప్పుడు జవాబు చెప్పబోతున్నాను.

మనలో చాలామందిమి రిటైరైన ఏడాది రెండేళ్ళలో ఒక పని చేస్తాం. గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బు చేతికి రాగానే ఇల్లు మొదలుపెడతాం. లేదా ఉన్న ఇంటికి వెనకవైపు రెండు గదులు వేస్తాం. పునాది గోతులు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ సంపు ఎలాగూ తప్పవు. సర్వీసంతా ఒకరి కింద పనిచేసినవాళ్ళం ఆ మూడు నెలలూ యజమానులం అవుతాం. మన మాట మీద ఒక మనిషి భూమిలోకి దిగుతాడు. అతను సాయంత్రం పైకి వచ్చి కూలి డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి వెళ్ళాలి కదా. అందుకు మనం చేయవలసింది ఏమిటో మనలో ఎందరికి తెలుసు? నాకు తెలుసు. తెలిసీ చెయ్యలేదు. అందుకే ఈ ప్రసంగం.

నేను గుమాస్తాగా చేరింది 1973లో. కాలువల పనులు, నీటి పథకాల పనులు చూసే ఆఫీసుల్లోనే సర్వీసంతా గడిచింది. టెండరు ఒప్పందాలకు స్టెన్సిలు కోసి సైక్లోస్టైలు తీసేవాడిని. ఒప్పందం వెనక భాగంలో సేఫ్టీ కోడ్ అని మూడు నాలుగు పేజీలు కుట్టేవాళ్ళం. కేంద్ర పి.డబ్ల్యు.డి. వారి మాటలే దాదాపు అక్షరం పొల్లు పోకుండా అందులో ఉండేవి. తవ్వకాల గురించి అందులో ఒక పేరా ఉంది. నాలుగడుగుల లోతు దాటిన ప్రతి కందకంలోనూ నిచ్చెన ఉండాలి, నూరడుగుల పొడవుకు ఒకటి చొప్పున. అది నేలమట్టానికి మూడడుగులు పైకి రావాలి. ఐదడుగులూ ఆపైన లోతుంటే గోడలను మెట్లు మెట్లుగానో వాలుగానో కొయ్యాలి, లేదా కొయ్య ఊతాలతో గట్టిగా నిలబెట్టాలి. తవ్విన మట్టిని అంచుకు ఐదడుగుల లోపల పొయ్యకూడదు. లోతులో సగం అంతకన్నా ఎక్కువైతే ఆ సగం దూరం పాటించాలి. పైనుంచి కిందికే తవ్వాలి గాని, అడుగున తొలిచి పైన వదిలెయ్యకూడదు. నాకు ఇంగ్లీషులో ఆ పేరా ఇప్పటికీ కంఠతా వచ్చు. భారతీయ ప్రమాణాల్లో కూడా తవ్వకాల భద్రతకు 3764 నంబరుతో ప్రత్యేకంగా ఒక కోడ్ 1966లోనే వచ్చింది, 1992లో దాన్ని సవరించారు. అంటే మనకు నియమాలు లేక కాదు.

ఆ కాగితం కంట్రాక్టరు సంతకం పెట్టే బల్ల దాకా వెళ్ళేది. ఒక కాపీ ఫైల్లో ఉండేది. పలుగు పట్టుకున్నవాడి దాకా ఏనాడూ వెళ్ళలేదు. వెళ్ళినా అది ఇంగ్లీషు.

దీనికి తోడు ఇంకో సంగతి. నా చేతిమీదుగా పోయిన ఎస్టిమేట్లలో చాలావాటిలో తవ్వకం ఐటం చివర 'షోరింగు, స్ట్రట్టింగు, నీరు తోడుట వగైరా అన్నీ కలుపుకొని' అని ఉండేది. మట్టిని కొలిచి, ఘనపు మీటరుకు ఇంత అని ఎం.బుక్కులో ఎక్కిస్తారు. ఊతానికి వేరే కొలత లేదు, వేరే బిల్లు లేదు. పెట్టినా అదే డబ్బు, పెట్టకపోయినా అదే డబ్బు. అటువంటప్పుడు దుంగలూ పలకలూ ఎవరు తెప్పిస్తారు? మెటీరియల్ కొలతల పట్టికలో కనిపించనిది పని స్థలంలోనూ కనిపించదని నా సర్వీసులో నేర్చుకున్నాను. చెరువులూ కాలువలూ తవ్వేటప్పుడు లోతు కొలవడానికి మధ్య మధ్య తవ్వకుండా వదిలే మట్టి దిమ్మలను ఆఫీసు భాషలో 'డెడ్‌మెన్' అంటారు. అంటే చచ్చినవాళ్ళు. కొత్తలో ఆ మాట టైపు చేసేటప్పుడు మేము నవ్వుకునేవాళ్ళం.

1988 వేసవి. మన డెల్టాలో కాలువ పనులన్నీ నీళ్ళు కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే ముగించాలి. పైనుంచి తొందర, కింద పరుగు. ఒక ఊరి మంచినీళ్ళ పైపు కాలువను దాటే చోట ఏడడుగుల లోతున కందకం తీస్తున్నారు. ముందు రాత్రి గాలివాన కురిసింది. తవ్విన మట్టంతా అంచుమీదే పోసి ఉంది. పొద్దున్నే దిగిన ఇద్దరిలో ఒకడు పైకి రాగలిగాడు, రెండోవాడు రాలేదు. మెట్ట ప్రాంతం నుంచి పనికి వచ్చిన పిల్లవాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో.

ఫైలు నా బల్లమీదికి వచ్చింది. 1923 నాటి వర్క్‌మెన్ నష్టపరిహారం చట్టం ప్రకారం కంట్రాక్టరు మనిషైనా సరే, పని అప్పగించిన అసలు యజమాని దగ్గర పరిహారం అడగవచ్చు. యజమాని తరువాత కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కాని కంట్రాక్టరు దాఖలు చేసిన మస్టరులో ఆ పిల్లవాడి పేరు లేదు. 'మృతుని పేరు హాజరు పట్టీలో లేనందున పనివాడని నిర్ధారణ కాలేదు' అని నోటు పెట్టారు. పెట్టారు ఏమిటి, పెట్టింది నేనే. ఆ నోటు రాసిన చెయ్యి ఇదే. అతని భార్య చంకలో బిడ్డతో ఏడెనిమిదిసార్లు వచ్చి వరండాలో కూర్చుంది. నేను బదిలీమీద వెళ్ళేనాటికి ఆ ఫైలు తేలలేదు. ఒకరోజు ఆ కట్ట విప్పి చూస్తే, ఒప్పందం వెనక నేను స్టెన్సిలు కోసిన పేజీయే కనిపించింది. అంచుకు ఐదడుగుల లోపల మట్టి పొయ్యరాదు అన్న పేజీ.

ఇది చెప్పి మీ దగ్గర సానుభూతి కోరడం లేదు. ఇరవై రెండేళ్ళ తరువాత, 2010లో, ఇదే ముదినేపల్లిలో నా ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకుకు గొయ్యి తీయించాను. ఏడడుగుల లోతు. రెండువేల ఇటుకలు దింపించి, మళ్ళీ మోసే కూలి కలిసి వస్తుందని గోతి అంచునే పేర్పించాను. ఇటుక మూడు కిలోలు అనుకున్నా ఆరు టన్నుల బరువు. గోతిలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాను. మట్టి మోసే వారిలో ఒక పెద్దమ్మ ఉంది, ఆ కుర్రవాడికి మేనత్త. తట్ట దింపి నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, కుర్రోణ్ణి పైకి రమ్మంటన్నానండి. గట్టు నోరు తెరిచింది" అంది. నాకు అర్థం కాలేదు. వెళ్ళి చూస్తే ఇటుకల దొంతి వెనక, గోతి అంచుకు సమాంతరంగా, వేలు పట్టేంత బీట. "ఒరేయ్, పలుగు అక్కడే వదిలేసి రారా" అని అరిచింది. నిచ్చెన లేదు. ఇద్దరు మగవాళ్ళు చేతులందించి లాగారు. అన్నాలు తినే వేళకు ఆ గట్టూ, వెయ్యి పైగా ఇటుకలూ కలిసి గోతిలో పడ్డాయి.

ఐదడుగుల నియమం కంఠతా వచ్చినవాడిని నేను. ఆ బీటను చూసింది అక్షరం ముక్క రాని ఆవిడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడకు తెలిసినదేమిటో, మన నేల సంగతేమిటో కొంచెం చెప్పాలి. ఇది నల్లరేగడి. ఎండకు బీటలు వారుతుంది, తడికి ఉబ్బుతుంది. కొత్తగా తెగ్గొట్టిన గోడ నున్నగా, గట్టిగా, కత్తితో కోసిన హల్వాలాగా నిలబడుతుంది. అదే మోసం. గంటలు గడిచేకొద్దీ గోడ అటూ ఇటూ ఆరుతుంది, వెనక బీట పుడుతుంది. ఆ బీటలోకి నీళ్ళు దిగితే గోడను లోపలినుంచి తోస్తాయి. కొల్లేరు పక్క ఊళ్ళలో నాలుగు తట్టలు తీస్తే ఊట వస్తుంది. కొన్నిచోట్ల రేగడి కింద ఇసుక పొర తగులుతుంది. ఊటతో ఇసుక జారిపోతే అడుగు ఖాళీ అవుతుంది, పైన మాత్రం గోడ నిలబడే ఉంటుంది. "పైన గట్టిగానే ఉంది కదండీ" అంటాడు మేస్త్రీ. నిజమే, పైన గట్టిగానే ఉంటుంది. ఆ గట్టి పెళ్ళే ఒక్కసారిగా కూలుతుంది.

మట్టి బరువు కూడా చాలామందికి తెలియదు. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నరకు తక్కువ ఉండదు, తడిస్తే రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది. తల పైకి ఉన్నా ఛాతీదాకా కప్పుకుపోతే మనిషి బతకడం కష్టం. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుస్తుంది, మళ్ళీ పీల్చుకోవడానికి చోటు ఉండదు. వ్యవధి నిమిషాలే.

లోతైన గోతుల్లోనే ఇలా జరుగుతుందని అనుకోవద్దు. 2019 ఏప్రిల్ 10న, పార్లమెంటు ఎన్నికల పోలింగుకు ముందురోజు, తెలంగాణలో నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఉపాధి హామీ పనిలో మట్టికట్ట విరిగిపడి పదిమంది ఆడకూలీలు చనిపోయారు. ఒకే ఊరు. పేపర్లో ఆ వార్త చదివిన రోజున మా పెద్దమ్మ గుర్తొచ్చింది. అక్కడ కూడా పక్కన నిలబడి ఆ కట్టకేసి చూసి చెప్పే మనిషి ఒకరుంటే ఏమయ్యేదో.

శిక్షణ అన్న మాట వినగానే మనకు హాలు, బోర్డు, సర్టిఫికెట్టు గుర్తుకొస్తాయి. వాటిని నేను తీసిపారెయ్యను. హైదరాబాదులో 1998లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టి నిర్మాణ పనివారికి పని నేర్పడం మొదలుపెట్టారు. 1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. దానికింద తవ్వకాలకు వేరుగా నిబంధనలు రాశారు, కార్మికుల సంక్షేమానికి సెస్సు పెట్టారు. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి కొత్త కోడ్‌లో కలిసిపోయింది. కాని సొంతానికి తక్కువ ఖర్చులో కట్టుకునే ఇళ్ళను అప్పటి చట్టంలోనూ మినహాయించారు. మన పెరట్లోకి ఇన్‌స్పెక్టరు రాడు. మన గోతిలో దిగే మనిషి ఏ హాలులోనూ కూర్చుని ఉండడు. అతనికి శిక్షణ అంటే, దిగబోయే ముందు గట్టుమీద ఎవరైనా చెప్పే నాలుగు మాటలే.

ఆ మాటలు నేనే చెబుదామని మొదట ప్రయత్నించాను. ఆ ఇటుకల సంగతి జరిగిన మరుసటి ఏడాది, మా వీధిలో ఒక మిత్రుడి ఇంటి పునాదులకు వెళ్ళి, నియమాలన్నీ తెలుగులోకి రాసుకుని చదివాను. మీటర్లూ సెంటీమీటర్లూ వచ్చేసరికి ఒకడు బీడీ వెలిగించాడు, ఇద్దరు ఆవలించారు. ఒకడు మాత్రం ముఖంమీదే అడిగాడు: "అయ్యగారూ, ఇదంతా వినే సేపు మాకు కూలి కోస్తారా?" వాళ్ళది కొలత పని. ఎంత తవ్వితే అంత డబ్బు. పావుగంట అంటే వాళ్ళ జేబులోది. ఆ ప్రశ్న నాకు బాగా తగిలింది. అప్పటినుంచి, నేను వెళ్ళే ఇంటివారు ఆ పావుగంటకు కూలి కలిపి ఇస్తేనే వెళతానని షరతు పెట్టాను.

తరువాత మా పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ నా కాగితాన్ని ఒక పూట విని, మీటర్లన్నీ తీసేసింది. ఒంటితో కొలత చెప్పింది. "నేల ఛాతీకొచ్చిందంటే నిచ్చెన. భుజాలకొచ్చిందంటే ఊతం. మట్టి పొయ్యాలంటే గట్టుకూ కుప్పకూ మధ్యన మనిషి పడుకునేంత చోటుండాలి." మన మామూలు మనిషి ఛాతీ నాలుగడుగుల దగ్గర, భుజాలు నాలుగున్నర దగ్గర వస్తాయి. పడుకుంటే ఐదడుగుల పైన. నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లీషులో టైపు చేసిన పేరా అంతా ఆ మూడు వాక్యాల్లో ఉంది, కాస్త జాగ్రత్త కలుపుకొని మరీ. పదడుగులు దాటిన గోతులకు మాత్రం మట్టి కుప్ప ఇంకా దూరం జరగాలి. అంత లోతు పనికి ఇంజనీరు లేకుండా దిగవద్దని చెబుతాం.

ఆవిడ ఇంకొకటి చేసేది. అందరినీ గట్టు చుట్టూ ఒకసారి నడిపించి, "ఎక్కడ నోరు తెరిచిందో చూపించండి" అనేది. పొద్దున దిగేముందు ఒకసారి, అన్నాలు తిన్నాక ఒకసారి, చినుకు పడితే మళ్ళీ ఇంకోసారి. కుర్రవాళ్ళు పోటీ పడి వెతికేవాళ్ళు. అమెరికాలో ఉన్న మా మనవడు చెబితే తెలిసింది, అక్కడ నిబంధనల ప్రకారం తెలిసిన మనిషి ఒకడు రోజూ పని మొదలుపెట్టేముందు, వాన కురిసిన తరువాతా కందకాన్ని పరీక్షించి తీరాలట. పని ఆపించే అధికారం కూడా అతనికే ఉంటుందట. అక్కడ కూడా ఐదడుగులే హద్దు. మా పెద్దమ్మకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు, తానే తీసుకుంది.

మనవడు ఒక ఫొటో కూడా పంపాడు. రెండు ఇనుప పలకలు, మధ్యలో అడ్డ కడ్డీలు, పెద్ద పెట్టెలాగా ఉంది. దాన్ని కందకంలోకి దింపి, మనిషి దాని లోపలే పనిచేస్తాడు. నేను ఆ ఫొటో పెద్దమ్మకు చూపిస్తే, "ఇది మన ఒరే కదండీ" అంది. ఆలోచిస్తే నిజమే. మన ఇసుక నేలల్లో బావి తవ్వేటప్పుడు ఒరను ముందు నిలబెట్టి, దాని లోపల మనిషి కూర్చుని అడుగు తవ్వితే ఒర దిగుతూ వస్తుంది. మట్టి ఒరమీద పడుతుంది గాని మనిషిమీద పడదు. ఈ తెలివి మనకు ఎప్పటినుంచో ఉంది. బావికి వాడి, సెప్టిక్ ట్యాంకు గోతికి మరిచిపోయాం. నాలుగు సరుగుడు బాదులు, సెంట్రింగు పలకలు, అడ్డంగా రెండు మోపులు ఉంటే మన ఇళ్ళ గోతులకు చాలావరకు సరిపోతుంది. వాటిని బిగించడం తెలిసిన మేస్త్రీ చేతనే పెట్టించాలి, పైనుంచి పెట్టుకుంటూ దిగాలి, తీసేటప్పుడు కిందనుంచి తీస్తూ మట్టి నింపుకుంటూ రావాలి. అద్దె కూడా ఎక్కువ కాదు. మీ ఇంటి గృహప్రవేశం భోజనాల్లో ఒక పంక్తి ఖర్చు.

పాత బావులు, మూతపెట్టిన ట్యాంకుల విషయం వేరు. అక్కడ కూలడం కన్నా చెడ్డ గాలి ప్రమాదం. పూర్వం లాంతరు దింపి చూసేవారు. అది ప్రాణవాయువు లేదని చెబుతుందేమో గాని విషవాయువును పట్టుకోదు, పైగా మండే గాలి ఉంటే ప్రమాదం. అటువంటి దానిలోకి మనిషిని దింపవద్దు, యంత్రంతో తోడించండి. దీనిమీద ఇంకోసారి మాట్లాడతాను.

ఒకవేళ కూలితే ఏం చెయ్యాలి? ఇది ఇంట్లో ఆడవారికి, పిల్లలకు కూడా తెలియాలి. ఎందుకంటే పగటిపూట పని దగ్గర ఉండేది వాళ్ళే. అందరూ ఒక్కసారి గట్టుమీదికి పరుగెత్తుతారు, ఆ బరువుకు రెండో గట్టు కూలుతుంది. దూకిన అన్న తమ్ముడితోపాటు పోతాడు. అందుకని ముందు జనాన్ని వెనక్కి నెట్టాలి. 108కి, 101కి ఫోను చెయ్యాలి. గోడకు ఊతం పెట్టాకే లోపలికి దిగాలి. కప్పుకుపోయినవాడి దగ్గర చేతులతో, తట్టలతో తియ్యాలి, ముందు ముఖం, ఆ తరువాత ఛాతీ. జేసీబీ పక్కనే ఉంది కదా అని బకెట్టుతో తోడవద్దు. తాడు కట్టి లాగవద్దు.

ఈ పదిహేనేళ్ళలో మేము వెళ్ళిన ఇళ్ళు పెద్ద లెక్కేమీ కాదు. మూడుచోట్ల పని ఆపించాం. ఒకచోట ఇంటాయన నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఆయన ఇప్పుడు ఈ సభలో మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నారు. పెద్దమ్మ నిరుడు కాలం చేసింది. ఆ రోజు గోతిలోంచి పైకి వచ్చిన మేనల్లుడే ఇప్పుడు మేస్త్రీ. కొత్త కుర్రవాళ్ళను గట్టు చుట్టూ నడిపిస్తున్నాడు. నాకన్నా బాగా చెబుతాడు. 1988 నాటి ఆ పిల్లవాడి భార్య ఏ ఊరు వెళ్ళిపోయిందో తెలుసుకుందామని రిటైరయ్యాక రెండుసార్లు ప్రయత్నించాను. దొరకలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాలువలు కట్టేసే రోజులు ఎంతో దూరంలో లేవు, అప్పుడు మన ఊళ్ళలో పనులన్నీ ఒక్కసారి మొదలవుతాయి. గోతి పని పెట్టుకునేవారు రెండు రోజుల ముందు నాకు కబురు చేస్తే మేస్త్రీని తీసుకుని వస్తాను. పెద్దమ్మ మూడు మాటలు పెద్ద అక్షరాలతో వేయించిన కాగితాలు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి, ఉచితం. పది మెట్ల నిచ్చెన మా ఇంటి వరండాలో ఉంటుంది. ఎవరైనా తీసుకువెళ్ళవచ్చు. నిరుడు తీసుకువెళ్ళినవారు ఎవరో ఇంకా తిరిగి ఇవ్వలేదు గనుక ఇది కొత్తది. పని అయిపోగానే దయచేసి పంపించెయ్యండి.